సత్యం కేసులో శిక్ష పడింది, మరి చిన్న వాటాదారుకు ఏం దక్కింది? ఇప్పుడు అలాంటిది జరిగితే ఏం చెయ్యొచ్చు?

కాలువగట్టు

ఏ కంపెనీ లెక్కల్లో బొక్క బయటపడినా "మళ్లీ ఇంకో సత్యం" అనేస్తారు. ఆ సత్యం కంప్యూటర్స్ కేసులోనే యాజమాన్యం చేత ఎవరు ఎంత కక్కించారు, కక్కించింది ఎవరికి చేరింది అన్నది మాత్రం ఒక్కచోట దొరకదు. తెలిసినవాళ్లు విప్పి చెప్పాలని ఈ చర్చ మొదలుపెడుతున్నా. అసలు మోసం ఏ యంత్రాంగంతో నడిచింది, అంతమంది డైరెక్టర్లు, ఆడిటర్లు ఉండి ఎలా పట్టుకోలేకపోయారు? ఏడేళ్ల శిక్ష పడిన మనిషి నెల దాటగానే ఎలా బయటికొచ్చారు? అన్నిటికంటే ముఖ్యం, ఇవాళ హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఒక లిస్టెడ్ కంపెనీ అలాగే కూలితే, 500 షేర్లున్న మనిషి ఏ కాగితాలతో ఏ గడప తొక్కాలి? తిట్లూ శాపనార్థాలూ వద్దు, తేదీలు, అంకెలు, సెక్షన్లు కావాలి.

పద్దు_పుస్తకం

మొదటి ప్రశ్నకు నేను చెప్తానండీ.

2009 జనవరి 7న సత్యం ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన ఉత్తరంలోనే లెక్క ఉంది. 2008 సెప్టెంబరు చివరికి పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేవు. ఆ లేని డబ్బు మీద వచ్చినట్టు చూపిన వడ్డీ 376 కోట్లు, అదీ లేదు. రావలసిన బాకీల్లో 490 కోట్లు ఎక్కువ చూపారు. తాను ఏర్పాటు చేసి తెచ్చానన్న 1,230 కోట్ల అప్పు పుస్తకాల్లో ఎక్కలేదు. మొత్తం 7,136 కోట్లు. ఆ మూడు నెలల ఆదాయం 2,700 కోట్లని ప్రకటించారు, అసలుది 2,112 కోట్లు. నిర్వహణ లాభం 649 కోట్లన్నారు, నిజంగా వచ్చింది 61 కోట్లు. 24 శాతం మార్జిన్ అనుకున్నది 3 శాతమని తేలింది.

ఇంత బొంకు ఎలా కట్టారంటే, ముందు దొంగ ఇన్‌వాయిస్‌లు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో సూపర్ యూజర్ లాగిన్‌తో దూరి బిల్లులు సృష్టించారు. ప్రతి బిల్లుకూ చూపించాలా, దాచాలా అని ఒక గుర్తు ఉండేది. దాచు గుర్తు పెట్టిన బిల్లు ప్రాజెక్టు నడిపేవాళ్ల కంటికి ఆనదు, ఫైనాన్స్ విభాగంలో మాత్రం ఆదాయంగా జమపడుతుంది. దర్యాప్తులో తేలిన దొంగ బిల్లులు 7,561.

ఇక్కడొక చిక్కుంది. బిల్లు రాస్తే బాకీ పెరుగుతుంది, బాకీ వసూలు కాకుండా ఏళ్ల తరబడి పడి ఉంటే ఆడిటర్ అడుగుతాడు. కాబట్టి వసూలైనట్టు చూపాలి. వసూలైతే బ్యాంకులో ఉండాలి. అందుకని దొంగ బ్యాంకు స్టేట్‌మెంట్లు, దొంగ ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు. డిపాజిట్ ఉంటే వడ్డీ రావాలి గనక లేని వడ్డీ, ఆ వడ్డీ మీద అసలైన పన్ను. ఒక అబద్ధం ప్రతి మూడు నెలలకీ ఇంకో నాలుగింటిని కనేది. పులి మీద స్వారీ చేసినట్టుంది, దిగితే తినేస్తుందని ఆయనే రాసుకున్నారు కదా, ఆ పులి ఇదే.

మేటాస్ కొనుగోలు ప్రయత్నం వెనక లెక్క కూడా ఇదే. 2008 డిసెంబరు 16న తన కుటుంబానికే చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాలను 160 కోట్ల డాలర్లకు కొంటామని సత్యం ప్రకటించింది. అది జరిగి ఉంటే లేని నగదు "ఖర్చయిపోయేది", దాని చోట అసలైన ఆస్తులు పుస్తకాల్లోకి వచ్చేవి. అమెరికా మార్కెట్లో షేరు సగానికి పైగా పడడంతో గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. ఆ బోర్డు తీర్మానం మాత్రం ఏకగ్రీవం, ఇది గుర్తుపెట్టుకోండి, కింద దీని అవసరం పడుతుంది.

మినిట్స్_బుక్కు

పద్దు గారూ, ఆడిటర్ల సంగతి వదిలేశారు. దీన్ని ఆపగలిగిన చోటు అదే.

బ్యాంకు నిల్వను రుజువు చేసుకునే పద్ధతి కష్టమైనదేం కాదు. ఆడిటర్ తన చేత్తో బ్యాంకుకు ఉత్తరం రాస్తాడు, బ్యాంకు జవాబు నేరుగా ఆడిటర్ చిరునామాకే వస్తుంది. ఆడిటింగ్ ప్రమాణం 505 చెప్పేది ఇదే. ఉత్తరం పంపడమో, జవాబు తెప్పించడమో క్లయింటు చేతికిస్తే ఆ రుజువు రుజువే కాదు. ఆ ధ్రువీకరణ ప్రక్రియను సత్యం యాజమాన్యం చేతికే వదిలేశారని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ, సత్యం ఆడిటర్లయిన ప్రైస్ వాటర్‌హౌస్ భారత సంస్థల మీద తేల్చింది. తాళంచెవి దొంగకిచ్చి కాపలా కాసినట్టు.

2013 కంపెనీల చట్టం వచ్చాక మారినవి చెప్తాను. ఒకే ఆడిట్ సంస్థ వరసగా పదేళ్లకు మించి ఉండకూడదు, సెక్షన్ 139. కోటి రూపాయలు, అంతకు మించిన మోసం అనుమానం వస్తే ఆడిటర్ రెండు రోజుల్లో బోర్డుకో ఆడిట్ కమిటీకో చెప్పాలి, 45 రోజుల్లో జవాబు తెప్పించుకోవాలి, ఆ తర్వాత 15 రోజుల్లో కేంద్రానికి ఏడీటీ-4 ఫారంలో పంపాలి, సెక్షన్ 143(12). ఆడిటర్లను విచారించడానికి 2018 అక్టోబరు నుంచి ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ ఉంది. ఆడిట్ చెయ్యకుండా 6 నెలల నుంచి పదేళ్ల దాకా నిషేధం పెట్టగలదు, సంస్థకైతే ఫీజుకు పది రెట్ల దాకా జరిమానా వెయ్యగలదు.

అంతకుముందు ఈ పని మన మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెయ్యబోయి ఇరుక్కుంది. 2018 జనవరిలో ప్రైస్ వాటర్‌హౌస్ సంస్థల మీద రెండేళ్ల నిషేధం పెడితే, 2019 సెప్టెంబరులో సెబీ ఉత్తర్వుల మీద అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ సాట్ దాన్ని కొట్టేసింది. ఆడిట్ నాణ్యత తూచే అధికారం సెబీది కాదంది.

తీర్పు_ప్రతి

నిషేధం కొట్టేసింది నిజమే గానీ ఆ ఉత్తర్వులో 13.09 కోట్లు కక్కించే భాగాన్ని సాట్ నిలబెట్టింది. మొత్తం ఎగిరిపోయిందని రాస్తే పొరపాటు.

ఇక జైలు సంగతి. ఈ వరస సరిగ్గా తెలియకే చాలా గందరగోళం.

2009 జనవరి 9న రాష్ట్ర సీఐడీ అరెస్టు. ఫిబ్రవరిలో కేసు సీబీఐకి. మూడు అభియోగపత్రాలు, వాటన్నిటినీ కలిపి ఒకే విచారణ, 226 మంది సాక్షులు, మూడు వేలకు పైగా పత్రాలు. సీబీఐ అభియోగాలు కుట్ర, మోసం, నమ్మకద్రోహం, ఫోర్జరీ, లెక్కల తారుమారు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పదిమందినీ దోషులుగా తేల్చి ఏడేళ్ల కఠిన శిక్ష వేసింది. రామలింగరాజుకూ తమ్ముడు రామరాజుకూ చెరో అయిదున్నర కోట్ల జరిమానా.

అదే సంవత్సరం మే 11న మెట్రోపాలిటన్ సెషన్స్ కోర్టు శిక్ష అమలు నిలిపి బెయిలిచ్చింది. ఇది నిర్దోషి అనడం కాదు. అప్పీలు తేలేదాకా శిక్ష ఆపడం, అప్పటి నేర ప్రక్రియ చట్టం సీఆర్‌పీసీ 389 కింద. దాని బదులొచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఇప్పుడు అది 430. అప్పటికే ఆయన విచారణ ఖైదీగా రెండున్నరేళ్లకు పైగా చంచల్‌గూడలో, ఆసుపత్రిలో కస్టడీలో గడిపారు, కోర్టులు ఆ కాలాన్నీ లెక్కలోకి తీసుకుంటాయి. అప్పీలు త్వరగా తేలే అవకాశం లేకపోతే శిక్ష నిలపడం ఎవరికైనా జరిగే పనే, ధనవంతుడని ప్రత్యేకం కాదు. తప్పు ఆ బెయిల్లో వెతకడం కన్నా, నేరం బయటపడ్డ ఆరేళ్లకు గానీ మొదటి తీర్పు రాకపోవడంలో వెతకాలి.

పాత కంపెనీల చట్టం ఎంత బలహీనమంటే, 2014 డిసెంబరులో ఆర్థిక నేరాల కోర్టు, కార్పొరేట్ మోసాలు దర్యాప్తు చేసే కేంద్ర సంస్థ ఎస్‌ఎఫ్‌ఐఓ కేసుల్లో వేసింది ఆరు నెలల శిక్ష. 1956 చట్టంలో బాలెన్స్ షీటులో అబద్ధం రాస్తే గరిష్ఠం రెండేళ్లే. ఇప్పుడు 2013 చట్టంలో సెక్షన్ 447 ఉంది. 10 లక్షలో, టర్నోవరులో ఒక శాతమో, ఏది తక్కువైతే దానికి చేరిన మోసానికి ఆరు నెలల నుంచి పదేళ్లు. ప్రజాప్రయోజనం ఇమిడి ఉంటే కనీసం మూడేళ్లు. జరిమానా మోసపు మొత్తానికి తగ్గకూడదు, మూడు రెట్ల దాకా వెయ్యొచ్చు. ఏడు వేల కోట్ల మోసానికి అయిదున్నర కోట్లు అనే పరిస్థితి ఉండదు. అయితే ఇది 2013 సెప్టెంబరు 12 తర్వాతి నేరాలకే. రాజ్యాంగం 20వ అధికరణం ప్రకారం వెనకటి నేరానికి కొత్త శిక్ష వెయ్యలేరు.

హనుమకొండ_వాసి

అన్నా, శిక్ష పడ్డది సరే. ఆ జరిమానా పైసలు ఎవలకు పోయినయి? సర్కారు ఖాతాలకే గద. షేర్లు కొని మునిగినోనికి ఒక్క రూపాయన్న ముట్టిందా? అందరు జైలు జైలంటరు గని, జైల్ల పెడ్తె నష్టం పూడది. గీ ముచ్చట ఎవ్వలు చెప్తలేరు.

తీర్పు_ప్రతి

మీరడిగిందే అసలు ప్రశ్న. మూడు దారులున్నాయి, ఒకదానితో ఒకటి కలపకూడదు.

శిక్ష: క్రిమినల్ కోర్టు. జరిమానా ప్రభుత్వానికి. జరిమానాలోంచి బాధితులకు పరిహారం ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది, పాత 357, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 395. కానీ లక్షల మంది వాటాదారులున్న కేసులో ఎవరికెంతో తేల్చడం క్రిమినల్ కోర్టు పెట్టుకునే పని కాదు.

కక్కించడం: సెబీ. మోసగాడు తిన్న లాభాన్ని వెనక్కి లాగడం. ఇక్కడ లెక్క మోసగాడి లాభం చుట్టూ తిరుగుతుంది, మీ నష్టం చుట్టూ కాదు.

నష్టపరిహారం: మీకు జరిగిన నష్టాన్ని కొలిచి మీకే ఇప్పించడం. సత్యం రోజుల్లో మన దేశంలో లేనిది ఈ మూడోదే.

రెండోదాంట్లో జరిగింది చూడండి. 2014 జులై 15న సెబీ రామలింగరాజుతో సహా అయిదుగురి మీద 14 ఏళ్ల మార్కెట్ నిషేధం పెట్టి, 1,849 కోట్లు 12 శాతం వడ్డీతో కట్టమంది. సాట్‌కి వెళ్లారు, అది వెనక్కి పంపింది. మళ్లీ ఉత్తర్వు, మళ్లీ సాట్. 2023 నవంబరు చివర్లో వచ్చిన ఉత్తర్వులో మొత్తం సుమారు 624 కోట్లకు దిగింది, వడ్డీ 2009 జనవరి 7 నుంచి. గొడవంతా ఒక్క మాట మీద: మోసం నడుస్తుండగా అమ్మిన షేర్ల సొమ్మంతా అక్రమ లాభమా, లేక షేరు నిజమైన విలువ తీసేశాక మిగిలిందేనా?

కక్కించినది సెబీ దగ్గరున్న మదుపరుల రక్షణ నిధిలో పడుతుంది. నష్టపోయినవాళ్లను గుర్తించగలిగితే అందులోంచి పంచే వీలు 2009 నిబంధనల్లో ఉంది. కట్టకపోతే సెబీ చట్టం సెక్షన్ 28ఏ కింద రికవరీ అధికారి ఖాతాలు, ఆస్తులు జప్తు చెయ్యగలడు.

డాలస్_తెలుగు

మూడో దారి అమెరికాలో ఎలా నడిచిందో చెప్తాను, ఎందుకంటే అదే కంపెనీ, అదే మోసం, ఫలితం మాత్రం వేరు.

సత్యం ఏడీఆర్‌లు, అంటే దాని షేర్ల బదులు అమెరికాలో చేతులు మారే పత్రాలు, న్యూయార్క్ ఎక్స్చేంజిలో ఉండేవి. అక్కడ వాటాదారుల సామూహిక దావాలో 2011లో సత్యం 12.5 కోట్ల డాలర్లకు, ఆడిట్ సంస్థ 2.55 కోట్ల డాలర్లకు రాజీ పడ్డాయి. ఎస్‌ఈసీకి సత్యం కట్టిన జరిమానా కోటి డాలర్లు, ప్రైస్ వాటర్‌హౌస్ భారత సంస్థలు 60 లక్షల డాలర్లు. అదే సమయంలో మన దగ్గర మూడు లక్షల చిన్న మదుపరుల తరఫున మైడాస్ టచ్ ఇన్వెస్టర్స్ అసోసియేషన్ 4,987 కోట్లు అడిగితే జాతీయ వినియోగదారుల కమిషన్ తీసుకోలేదు, 2009 ఆగస్టులో సుప్రీంకోర్టూ కాదంది.

తేడా ఎక్కడంటే, అక్కడ దావాలో మీరు పేరు ఇవ్వనక్కర్లేదు. ఆ కాలంలో షేరు కొన్నవాళ్లంతా వద్దనకపోతే లోపలున్నట్టే. లాయరు గెలిస్తేనే అందులోంచి వాటా తీసుకుంటాడు కాబట్టి ఖర్చు అతనే పెట్టుకుంటాడు. మన బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం లాయరు అలా ఫలితంలో వాటా తీసుకోకూడదు.

కానీ దీన్ని గొప్ప న్యాయమని నేను అననండీ. ఆ 12.5 కోట్ల డాలర్లు ఇచ్చింది కంపెనీ, అంటే అప్పటికి దాన్ని కొనుక్కున్నవాళ్లూ, కంపెనీని వదలకుండా పట్టుకున్న పాత వాటాదారులూ. మోసం చేసినవాళ్ల జేబులోంచి కాదు. ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో పెట్టినట్టయింది. కంపెనీని కొట్టడం వేరు, కంపెనీని నడిపినవాళ్లను కొట్టడం వేరు. అందుకే మన చట్టంలో డైరెక్టర్ల మీద వ్యక్తిగతంగా వెళ్లే దారిని జాగ్రత్తగా వాడుకోవాలి.

కాలువగట్టు

అద్భుతంగా ఉంది. మరి ఆ దారి ఇప్పుడు ఏమిటి? కంపెనీల చట్టంలో సామూహిక దావాకు సెక్షన్ 245 అని విన్నాను.

మినిట్స్_బుక్కు

అవును, 245. అమల్లోకి వచ్చింది 2016 జూన్ 1న. ఎక్కడ జారిపడతారో కూడా చెప్తాను.

ఎవరు వెయ్యొచ్చు: కనీసం వందమంది సభ్యులు, అంటే వాటాదారులు, లేదా మొత్తం సభ్యుల్లో 5 శాతం, రెంటిలో ఏది తక్కువైతే అది. లేదా లిస్టెడ్ కంపెనీలో మూలధనంలో 2 శాతం ఉన్న ఒక్కరైనా ఒక గుంపైనా, అన్‌లిస్టెడ్ అయితే 5 శాతం. పెద్ద లిస్టెడ్ కంపెనీలో 2 శాతం చిన్నవాళ్లకు అందదు, కాబట్టి వందమంది దారే. డిపాజిటర్లకూ ఇదే తరహా వెసులుబాటు ఉంది. బ్యాంకుల మీద మాత్రం ఈ సెక్షన్ పనిచెయ్యదు.

ఎవరి మీద: కంపెనీ, డైరెక్టర్లు, ఆడిటరు, ఆడిట్ సంస్థ, తప్పుడు సలహా ఇచ్చిన నిపుణులు. డైరెక్టర్ల మీద వ్యక్తిగతంగా నష్టపరిహారం అడగొచ్చు, డాలస్ గారన్నది ఇదే.

ఎక్కడ: కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు తెలంగాణలో ఉంటే కంపెనీల ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ హైదరాబాద్ బెంచి, ఆంధ్రలో ఉంటే అమరావతి బెంచి. ఫారం ఎన్‌సీఎల్‌టీ-9. మీ ఊరు ఏదన్నది లెక్కలోకి రాదు.

ట్రిబ్యునల్ ముందు చూసేది మీరు సదుద్దేశంతో వచ్చారా, మీకు సొంతంగా వేరే దారి ఉందా, డైరెక్టర్లు, అధికారులు కాక ఇంకెవరి ప్రమేయానికైనా సాక్ష్యం ఉందా అన్నవి. తీసుకుంటే పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, స్థానిక భాషలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. ఖర్చులు కంపెనీయో బాధ్యుడో భరించాలని చట్టం చెప్తుంది, కానీ అది తర్వాతి మాట. దాఖలు రోజున పెట్టుబడి మీదే. అల్లరి పిటిషన్ అని తేలితే లక్ష దాకా ఖర్చులు మీ మీద పడతాయి.

జారే చోట్లు. వందమందితో మొదలుపెట్టి సంతకాల వేళకు అరవై మంది మిగులుతారు, కాబట్టి 140, 150 మందిని కూడగట్టి దిగాలి. డీమ్యాట్‌లో పేరు, పాన్‌లో పేరు, అఫిడవిట్‌లో పేరు ఒక్కటి కాకపోతే ఆ మనిషి లెక్కలోంచి పోతాడు. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడా మనవాళ్లలో మరీ ఎక్కువ. తండ్రి పేరున షేర్లుండి ఆయన పోయాక బదిలీ చేయించుకోనివాళ్లు సభ్యులు కారు. ఇక అన్నిటికంటే పెద్దది, సెక్షన్ సభ్యులకే హక్కిచ్చింది. వార్త వచ్చిన రోజు భయపడి అన్నీ అమ్మేసుకున్నవాళ్లు, నష్టం వాళ్లదే అయినా, సభ్యులు కారు. ఒక్క షేరైనా ఉంచుకోమని చెప్పేది అందుకే.

హనుమకొండ_వాసి

గంత ఉంటె ఇన్నేండ్లల్ల ఎంతమంది ఏసిండ్రన్నా?

మినిట్స్_బుక్కు

చాలా తక్కువ. సెక్షన్ వచ్చాక ఏళ్లకు, 2024లో జిందాల్ పాలీ ఫిల్మ్స్ మీద వేసిన పిటిషనే దేశమంతా చెప్పుకున్న మొదటి పెద్ద కేసు. దారి వేశారు, నడిచినవాళ్లు లేక గడ్డి మొలిచింది.

పద్దు_పుస్తకం

నష్టం ఎలా లెక్కగట్టాలో ఒక మాట. "400కి కొన్నాను, 40కి పడింది, 360 ఇప్పించండి" అంటే నిలబడదు. 2008లో సెన్సెక్స్ తనంతట తానే సగానికి పైగా పడింది, ఆ నష్టం మోసం వల్ల వచ్చింది కాదు.

వాడాల్సిన పద్ధతి నిజం బయటపడిన రోజు చుట్టూ కొలవడం. సత్యం జనవరి 6న సుమారు 179 దగ్గర ముగిసింది, 7న సుమారు 40 దగ్గర. ఆ రోజు సెన్సెక్స్ 749 పాయింట్లు, అంటే 7.25 శాతం పడింది. 179లో 7.25 శాతం దాదాపు 13 రూపాయలు మార్కెట్ ఖాతాలో తీసేస్తే 166. అందులోంచి 40 పోతే షేరుకు 126. 500 షేర్లకు 63,000. ఆ రోజు సూచీ పడిందే సత్యం వల్ల కదా, ఆ 13 కూడా కలపాలని మీ లాయరు వాదించొచ్చు. వాదించాలి కూడా. డిసెంబరు 16 తర్వాత పడ్డదాన్ని ఇంకో ఘటనగా విడిగా లెక్కవెయ్యాలి. ఎదుటిపక్షం మాత్రం తర్వాత కోలుకున్న ధర చూపిస్తుంది, అందుకే ఒకే రోజు ధర మీద కాకుండా కొన్ని వారాల సగటు కూడా పక్కన పెట్టుకోండి.

తీర్పు_ప్రతి

స్వతంత్ర డైరెక్టర్ల మాట ఇంకా రాలేదు. పద్దు గారు ఏకగ్రీవ తీర్మానం గుర్తుపెట్టుకోమన్నారు.

ఆ బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్ కృష్ణ పాలెపు, మాజీ క్యాబినెట్ కార్యదర్శి టి.ఆర్. ప్రసాద్, ఐఎస్‌బీ డీన్ రామ్మోహనరావు, పెంటియం చిప్‌తో పేరుపొందిన వినోద్ ధామ్ వంటివాళ్లున్నారు. లెక్కల మోసం వాళ్లకు తెలుసని ఎవరూ రుజువు చెయ్యలేదు, దోషులైన పదిమందిలో వాళ్లెవరూ లేరు. కానీ ఛైర్మన్ సొంత కుటుంబ కంపెనీలను కొనే తీర్మానానికి ఒక్క అసమ్మతీ నమోదు కాలేదు.

ఇప్పటి సెక్షన్ 149(12) ప్రకారం స్వతంత్ర డైరెక్టరు బాధ్యుడయ్యేది మూడు సందర్భాల్లో: బోర్డు ప్రక్రియ ద్వారా తనకు తెలిసి జరిగితే, తన సమ్మతితో జరిగితే, శ్రద్ధ పెట్టకపోతే. ఈ మూడో మాట మీదే మీ కేసు కట్టాలి. "నాకు తెలియదు" అనేది పూర్తి రక్షణ కాదు, తెలుసుకోవాల్సింది అడిగావా అన్నది ప్రశ్న. మినిట్స్‌లో ఏం ప్రశ్నలు అడిగారో, ఎంతసేపు సమావేశం నడిచిందో, విలువ కట్టిన నివేదిక ఎవరిదో తెప్పించమని ట్రిబ్యునల్‌ను అడగండి.

బందరు_రోడ్డు

లిస్టింగే లేని కంపెనీల సంగతో? అగ్రిగోల్డ్ బాధితులు మన జిల్లాల్లో ఇంటికొకరున్నారు.

తీర్పు_ప్రతి

అది వేరే దారండీ. అక్కడ డబ్బు ఇచ్చింది షేర్లకు కాదు, ప్లాట్ల పేరుతో డిపాజిట్లకు. రాష్ట్ర డిపాజిటర్ల రక్షణ చట్టం 1999 ఉంది, ప్రమోటర్ల ఆస్తులు జప్తుచేసి ప్రత్యేక కోర్టు ద్వారా పంచొచ్చు. కేంద్రం తెచ్చిన 2019 నియంత్రణ లేని డిపాజిట్ల నిషేధ చట్టంలో, సర్ఫేసీ (బ్యాంకులు తాకట్టు ఆస్తులతో బాకీ రాబట్టుకునే చట్టం), దివాలా చట్టాల కింద వచ్చేవి మినహా మిగతా బాకీలన్నిటికంటే డిపాజిటరుకే ముందు చెల్లించాలి. ఈడీ జప్తు చేసినవి మనీలాండరింగ్ చట్టం సెక్షన్ 8(8) కింద నష్టపోయినవాళ్లకు తిరిగివ్వొచ్చు. అగ్రిగోల్డ్‌లో ఆ దారినే వెళ్లి 2025 ఫిబ్రవరిలో సుమారు 3,339 కోట్ల ఆస్తులు వెనక్కి ఇచ్చే పని జరిగింది. బాండు అసలు, రసీదులు, ఆధార్‌లో పేరు, ఈ మూడూ కలిస్తేనే జాబితాలోకి ఎక్కుతారు. బాండు పోయినవాళ్లు పోలీసు ఫిర్యాదు నకలైనా ఉంచుకోవాలి.

డాలస్_తెలుగు

ఒక సంగతికి మాత్రం అప్పటి ప్రభుత్వాన్ని మెచ్చుకోవాలి. ఉత్తరం వచ్చిన రెండు రోజుల్లో బోర్డును రద్దుచేసి, జనవరి 11న దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్‌లను కూర్చోబెట్టింది. తర్వాత ఇంకో ముగ్గురిని చేర్చింది. ఏప్రిల్ 13న వేలంలో టెక్ మహీంద్రా షేరుకు 58 పెట్టింది, ఎల్ అండ్ టీ 45.90 పెట్టింది. నెల ఆలస్యమై ఉంటే క్లయింట్లు, దాదాపు 53 వేల ఉద్యోగుల్లో పనిమంతులు వెళ్లిపోయేవారు, వేలానికి మిగిలేది ఏమీ ఉండేది కాదు. శిక్షలు ఏళ్లు పట్టొచ్చు గానీ తాళాలు లాక్కోవడం రోజుల్లో జరగాలి. ఇవాళ అదే పని కంపెనీల చట్టం 241, 242 సెక్షన్ల కింద కేంద్రం ఎన్‌సీఎల్‌టీకి వెళ్లి చేయిస్తుంది, అప్పుల్లో కూరుకుపోయిన ఆర్థిక సంస్థ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్‌లో 2018 అక్టోబరులో చేసింది.

పద్దు_పుస్తకం

ఒకవేళ కంపెనీ దివాలాకే వెళ్తే దివాలా చట్టం సెక్షన్ 66 మర్చిపోకండి. మోసపూరితంగా నడిపినవాళ్లు సొంత ఆస్తి నుంచి కంపెనీకి జమకట్టాలని ట్రిబ్యునల్ ఆదేశించగలదు. దాన్ని అడిగే హక్కు దివాలా ప్రక్రియ నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్‌ది, మీది కాదు, కాబట్టి ఆయనకు సాక్ష్యం రాతపూర్వకంగా పంపండి.

అకౌంట్స్ విభాగంలో పనిచేసేవాళ్లకు ఒక్క మాట. దోషులైన పదిమందిలో పైవాళ్లే కాదు, ఫైనాన్స్‌లో కింది ఉద్యోగులూ ఉన్నారు. "పై నుంచి చెప్పారు" అన్నది కాపాడలేదు. లిస్టెడ్ కంపెనీలో సెక్షన్ 177 కింద ఫిర్యాదు యంత్రాంగం తప్పనిసరి, ఆడిట్ కమిటీ అధ్యక్షుడికి నేరుగా రాసే వీలుండాలి. రాసేటప్పుడు "మోసం జరుగుతోంది" అని రాయకండి, ఫలానా బ్యాంకు, ఫలానా తేదీ, పుస్తకంలో ఇంత, స్టేట్‌మెంట్‌లో ఇంత అని రాయండి. 2008 డిసెంబరులో పేరు చెప్పని ఒక ఈమెయిల్ బోర్డులో ఒక డైరెక్టరుకు వచ్చింది. మూడు వారాల్లోపే రాజు ఒప్పుకోలు వచ్చింది.

వాటాదారుకు ముందే కనబడే గుర్తులు అప్పుడూ ఉన్నాయి. ప్రమోటర్ల వాటా 2001లో పావువంతు ఉన్నది 2008కి 9 శాతం లోపుకి దిగింది, మిగిలిందాంట్లోనూ తాకట్టు పెట్టారు. తాకట్టు వివరాలు బయటపెట్టాలన్న నిబంధన సెబీ తెచ్చింది 2009 జనవరిలో, దొంగలు పడ్డ తర్వాతే. ఇప్పుడవి ఎక్స్చేంజి వెబ్‌సైట్లో మూడు నెలలకోసారి కనిపిస్తాయి, చూడండి. వార్షిక నివేదికలో వడ్డీ ఆదాయాన్ని సగటు నగదుతో భాగించండి. బ్యాంకు ఏడు శాతం ఇస్తున్నప్పుడు అది మూడే వస్తే, ఆ డబ్బు ఏ బ్యాంకులో, ఏ ఖాతాలో ఉందని వార్షిక సమావేశంలో లిఖితపూర్వకంగా అడగండి.

కాలువగట్టు

చివరిగా ఒకటి. గడువు ఎంత? కాగితాలు ఏ క్రమంలో పెట్టుకోవాలి?

మినిట్స్_బుక్కు

సెక్షన్ 433 ప్రకారం కాలపరిమితి చట్టం ఎన్‌సీఎల్‌టీకీ వర్తిస్తుంది, మూడేళ్లని పెట్టుకుని నడవండి. నిజం బయటపడిన తేదీ నుంచి లెక్క. విచారణ తేలాక వేద్దామని ఆగితే గడువు దాటుతుంది, సత్యంలో మొదటి తీర్పుకే ఆరేళ్లు పట్టింది కదా.

కాగితాలు: డీమ్యాట్ స్టేట్‌మెంటు వార్త ముందురోజుది ఒకటి, దాఖలు చేసే రోజుది ఒకటి, డిపాజిటరీ నుంచే తీసుకోండి, బ్రోకరు యాప్ తెరపటం చాలదు. కాంట్రాక్టు నోట్లు కొన్న ప్రతి తేదీకీ. ఆ ఏళ్ల వార్షిక నివేదికల్లో డైరెక్టర్ల బాధ్యతా ప్రకటన ఉన్న పేజీ, దాని కింద సంతకాలున్న పేజీ, ఆడిటరు నివేదిక. కంపెనీ ఎక్స్చేంజికి పంపిన ప్రతి ప్రకటన, గంట, నిమిషంతో సహా, ఇవి వెబ్‌సైట్ నుంచి ముందే దించుకోండి. పట్టికలో ఆరు గళ్లు పెట్టండి: పేరు, పాన్, కొన్న తేదీ, సంఖ్య, కొన్న ధర, దాఖలు రోజుకి చేతిలో ఉన్న సంఖ్య. ఈ ఆరో గడిలో సున్నా ఉన్నవాళ్లను విడిగా తీసి, వాళ్ల పేర్లు వందలో లెక్కించకండి.

హనుమకొండ_వాసి

గా పట్టిక నమూనా ఒకటి ఈడనే పెట్టు అన్నా, మా దిక్కు వాట్సాప్ గ్రూపులల్ల పంచుతం. పేర్ల తేడా ఉన్నోళ్లు ఇప్పట్నుంచే సరిజేసుకుంటరు.